ఇద్దరే వారసులని రాసిన ఇంట్లో మా అత్త

మా అత్త పోయిందని ఆవిడ ఇంటి ముందు భాగంలో ఉండే బెంగాలీ మాష్టారు పొద్దున్నే సైకిలు మీద వచ్చి చెప్పారు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టరు గుమ్మం బయటే నిలబడి చెప్పారు. నాన్న గడ్డం గీసుకుంటున్నాడు. రెండో చెంప కూడా పూర్తిచేసి, కత్తి కడిగి, "ఎలాగ పోనాది?" అని అడిగాడు. నిద్రలోనే అన్నారు మాష్టారు. నాన్న మరింకేమీ అడగలేదు. శ్మశానానికీ రాలేదు. తమ్ముళ్లిద్దరూ ఊళ్లో ఉండగా మా అత్తకు కొరివి పెట్టింది మాష్టారే.

ఆవిడ గురించి మెత్తగా నాలుగు మాటలు రాద్దామనే కూర్చున్నాను. నాకు చేతకావడం లేదు. చదివేవాళ్లు మన్నించాలి.

అత్త మా నాన్నకు అక్క, మా యాసలో అప్ప. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. తాత రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ల దగ్గర పనిచేసేవాడు. రిటైరయ్యాక ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో క్వార్టరు ఖాళీ చేసి, ప్రేమ్ బజార్ వెనక చిన్న పెంకుటిల్లు కట్టుకున్నాడు. రైల్వేవాళ్లకు ఇల్లంటే నౌకరీ ఉన్నన్నాళ్లే కదా, ఆ పెంకుటిల్లంటే ఆయనకు ప్రాణం. అందులోనే పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. చూసింది అత్త. నాన్నా చిన్నాన్నా ఆదివారాలు వచ్చి, అత్త వండింది తిని, తాత కాళ్లు కాసేపు పట్టి వెళ్లేవారు.

అత్త జాకెట్లు కుట్టేది. సూది పెదాల మధ్య పట్టుకునే కబుర్లు చెప్పేది, మా అమ్మ హడలిపోయేది. టీ పూర్తిగా చల్లారితే గాని తాగేది కాదు. ఇంటి చుట్టూ తిరిగే పిల్లులకు స్టేషన్ల పేర్లు పెట్టింది. "ఒలే నిమ్‌పురా, ఇలా రాయే" అంటే మచ్చల పిల్లి ఒకటి పరుగెత్తుకొచ్చేది.

తాత వీలునామా రాయకుండా పోయాడు. అప్పటికే ఆడపిల్లకూ తండ్రి ఆస్తిలో సమాన వాటా అని చట్టం వచ్చేసింది. నాన్నకు ఆ సంగతి తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. తెలుసనే అనుకుంటాను. అన్నదమ్ములిద్దరూ ఇల్లు బేరానికి పెట్టారు. చూడ్డానికి వచ్చినవారు ఈ మాష్టారే, భార్యతో. తూర్పు బెంగాలులో ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చిన కుటుంబం. అత్త వాళ్లకు టీ తెచ్చి ఇచ్చింది. ఈవిడెవరని మాష్టారు భార్య అడిగితే, నాన్న హిందీలో, దూరపు చుట్టం, దిక్కులేనిది, ఉండనిచ్చాం అన్నాడు.

"నాకు హిందీ రాదనుకున్నాడేటో" అంది అత్త, చాలా ఏళ్ల తర్వాత నాతో.

"మరి అప్పుడే ఎందుకు అనలేదత్తా?"

"ఇంటికొచ్చినోల ముందర తమ్ముడి పరువు తీస్తానేటే?"

దస్తావేజులో మేమిద్దరమే వారసులం, మరెవరూ లేరు అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు. అత్తను సామాను సర్దుకోమని, మా క్వార్టర్లో వంటింటి పక్కన ఉందువుగాని అని చెప్పి వచ్చారు. ఆవిడ సర్దుకోలేదు. మాష్టారు బండి మీద సామానుతో దిగేసరికి గడప మీద కూర్చుని ఉంది.

"దీదీ, మీరింకా వెళ్లలేదేమిటి?" అన్నారాయన.

"ఎక్కడికెల్తాను దాదా? నానీ ఇంటి ఆడపడుసుని. ఆలిద్దరూ నా తమ్ముల్లు."

మాష్టారు భార్య అక్కడే నేల మీద కూలబడి ఏడ్చిందట. తమ ఇల్లు ఒకసారి పోయింది, మళ్లీ పోయింది అనుకుంది పాపం. ఆ రోజు వాళ్లందరికీ అన్నం వండి పెట్టింది మా అత్తే.

మిడ్నాపూర్ వకీలు ఒక్కమాటలో తేల్చేశాడు. తమ్ముళ్లు తమ వాటాలే అమ్మగలరు, ఈమె వాటా ఈమెదే. పోయిన మనిషికి సంతానం ఎంతమంది అని కొనేముందు పక్కింట్లో అడిగినా తెలిసేది కదా అని మాష్టార్ని మందలించాడు. అత్త కేసు వేసింది. నాన్న తరఫు వకీలు ఆవిణ్ణి నిలబెట్టి, ఇన్నేళ్లు తిండి పెట్టిన తమ్ముళ్ల మీదే దావా వేశారే అన్నాడు.

"ఒండినదాన్ని నాను, తిన్నోలు ఆలు. మా నాన్నకి పక్కలో మలమూత్రాలెత్తినోలెవులో ఆలనే అడగండి బాబూ" అంది అత్త.

తర్వాత నాన్న వంతు వచ్చింది. ఈమె మీకేమవుతుందని జడ్జి అడిగాడు. నాన్న నేల చూస్తూ, "అప్ప" అన్నాడు. ఆ సంగతి అత్త నాకు చెప్పినప్పుడు ఆవిడ మొహంలో ఒక రకమైన వెలుగు. "కోర్టులో అందరి ముందర నన్ను అప్పా అన్నాడే. అదే ఆకరు."

ఏళ్ల తరబడి నడిచాక వెనక గదీ వంటిల్లూ అత్తకు వచ్చాయి. ముందు భాగంతో మాష్టారు సరిపెట్టుకున్నారు. మా రెండిళ్లకూ అత్త లేనిదైపోయింది. నా పెళ్లికి పిలవలేదు. తమ్ముళ్లను కోర్టుకీడ్చిన మనిషి అని ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో జాకెట్లు ఇవ్వడం మానేశారు కొందరు. ఆ మానేసినవాళ్లే, ఇల్లు కొనే వేళకు చీకటి పడ్డాక వచ్చి సలహా అడిగేవారు. అత్త అందర్నీ అడిగేది ఒకటే. "ఆ ఇంటి ఆడపిల్లలేరీ? ఆలనడిగినారా? ఆల మొకం సూసి అడగండి, కాయితం సూసి కాదు."

నేను నాన్నకు తెలియకుండా వెళ్తుండేదాన్ని. ఒకసారి వకీలు, వాటా ఎవరికో వీలునామా రాయమని నా ముందే ఆవిడకు చెప్పాడు. పిల్లల్లేని ఆడదానికి తండ్రి నుంచి వచ్చిన ఆస్తి, వీలునామా లేకపోతే తిరిగి తండ్రి వారసులకే, అంటే ఆ తమ్ముళ్లకే పోతుందన్నాడు. రాస్తాను రాస్తాను అంది అత్త. ఆయన వెళ్లాక నేను గట్టిగా అడిగాను. మాష్టారికి రాయొచ్చు కదా అన్నాను.

అత్త సూది తీసి దారపుండకు గుచ్చింది. "ఆలు అప్పుడే అడిగుంటే ఇచ్చేద్దును కదే. నాకేటికి ఈ గోడలు? ఒక్కసారి వచ్చి, అప్పా, ఇయ్యవే అని అడగనీ. ఆ రోజే రాసిచ్చేస్తాను. అడక్కపోతే అప్పుడు సూద్దాం."

ఆవిడ ఎదురుచూసింది. వాళ్లు అడగలేదు. వీలునామా రాయకుండానే ఆవిడ పోవడంతో, అడగనక్కర లేకుండానే ఆ వాటా వాళ్లకు వచ్చింది.

మొన్న, పదో రోజు కాగానే, నాన్నా చిన్నాన్నా ఆ ఇంటికి వెళ్లారు. కేసు ఖర్చుల దగ్గర చెడి ఇన్నేళ్లు మాట్లాడుకోని ఇద్దరూ ఒకే రిక్షాలో వెళ్లారు. వెంట బ్రోకరు. అత్త బట్టలు సర్దడానికి నేను అప్పటికే అక్కడున్నాను. మాష్టారు భార్య నా పక్కన తలుపు పట్టుకుని నిలబడింది. మంచం పక్కకు జరిపించి బ్రోకరు గది కొలవడానికి గుడ్డ టేపు విప్పాడు. "ఆ కొస కాస్త పట్టుకోండమ్మా" అని నా చేతికిచ్చాడు. నేను వదిలేశాను. అది మంచం కింద నుంచి బయటపడ్డ దారపు ముక్కల్లో పడింది. నాన్న నా వైపు చూడలేదు. మోకాలి నొప్పితో మెల్లగా వంగి, ఆ కొస తీసి, దుమ్ము దులిపి, గోడకు ఆనించి బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.