నిర్వంశవాది ఒళ్లో మావాడు

నిర్వంశవాది అనే మాట మా ఊళ్లోనే పుట్టింది. మాది తణుకు దగ్గర పల్లె. కాలువ రేవులో ఆడవాళ్లు పోట్లాడుకుంటే "నీ వంశం నిర్వంశం కాను!" అని మెటికలు విరిచేవారు. ఆ తిట్టు తీసుకుని, చివర వాది తగిలించి, బడిపంతులు మా బావగారికి పేరు పెట్టాడు. మనుషులు ఇక పుట్టనే కూడదని వాదించేవాడని అర్థం. ఊరంతా పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

బావగారంటే నా భార్యకి ఒక్కగానొక్క అన్న. కలరా వచ్చిన ఏడు ఆయన భార్యా, ఆడపిల్లలిద్దరూ పోయారు. అప్పటినుంచి ఏ పెళ్లికి వెళ్లినా అక్షింతలు వేసి, "పిల్లల్ని కనకండమ్మా, కని ఏడవకండి" అనేవారు. ఇలాంటి దీవెన ఎక్కడైనా ఉందా? నాకు ఆయన మీదా కోపమే.

ఇంతలో మావాడికి చెవులు కుట్టించాల్సి వచ్చింది. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టే కుట్టించాలి.

"ఆ నిర్వంశవాది ఒళ్లోనా? నా మనవణ్ణా?" అని మా అమ్మ చిందులు తొక్కింది.

"మా అన్నయ్య ఒళ్లో కాకపోతే అసలు కుట్టించనే వద్దు" అని నా భార్య అన్నం మానేసి కూర్చుంది.

పోనీ ఆయన్నే బతిమాలదామని వెళ్తే, "నేను రాను బావా. పసివాణ్ణి ఏడిపించడానికి నా ఒళ్లే దొరికిందా?" అన్నారు.

"మీ చెల్లెలు అక్కడ ఏడుస్తోందండీ! అది కనపడదా మీకు?" అని అరిచి, చెప్పులు కూడా అక్కడే మరిచిపోయి వచ్చేశాను.

ముహూర్తానికి కంసాలి వచ్చాడు. మా అమ్మ నన్నే పీట మీద కూర్చోమంటోంది. అప్పుడు గుమ్మంలో బావగారు, నా చెప్పులు చేత్తో పట్టుకుని. నా భార్య ఎవరి మొహమూ చూడకుండా బిడ్డను తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. మా అమ్మ విసురుగా లోపలికి పోయింది.

కుడిచెవికి తీగ దిగింది. మావాడు కెవ్వుమన్నాడు. కంసాలి రెండో చెవి పట్టుకోబోతే బావగారు అరచెయ్యి అడ్డుపెట్టారు.

"చాలండి. ఇక వద్దండి."

"ఒక చెవితో వదిలేస్తే ఎలాగండి?" అన్నాడు కంసాలి. నేను బతిమాలాను, కసిరాను. ముహూర్తం దాటిపోయింది గానీ ఆ చెయ్యి కదల్లేదు. బిడ్డ ఏడుపు మాని, ఆయన కండువా కొస చప్పరిస్తూ నిద్రపోయాడు. నేను ఎత్తుకోబోతే ఇవ్వలేదు.

"ఉండనీ బావా. ఇప్పుడే నిద్దరపట్టింది వీడికి."

పొద్దువాలేదాకా ఆయన పీట మీంచి లేవలేదు. చివరికి మా అమ్మే సణుక్కుంటూ అన్నం అక్కడికి తెచ్చి పెట్టింది.

మావాడి ఎడమచెవి ఇవాళ్టికీ బోసిగానే ఉంది. అది చూసినప్పుడల్లా ఊళ్లోవాళ్లు పంతులు పెట్టిన పేరే తలుచుకుని నవ్వుతారు. ఆ పూట ఆ పీట దగ్గర వీళ్లలో ఒక్కడైనా ఉంటేగా!