నా మీద వేలు చూపించిన అమ్మాయి

2001 డిసెంబరులో అంతర్వేదిలో కాలేజీ పిల్లలకు పదిరోజుల తెరచాప పడవ శిక్షణ పెట్టి, నన్ను ఇన్‌స్ట్రక్టరుగా వేశారు. అప్పుడు నేను నౌకాదళంలో పెట్టీ ఆఫీసరుని, అంటే సైన్యంలో హవల్దారుకు సమానమైన హోదా. నా పడవకు ఐదుగురు వచ్చారు, అందరూ రాజోలు, అమలాపురం వైపు రైతుల పిల్లలు.

మొదటి మూడు రోజులూ ఒకటే పాఠం: పడవలోంచి పడ్డ మనిషిని తిరిగి ఎక్కించుకోవడం. ముందు చూసినవాళ్లు "మనిషి నీళ్లలో!" అని కేక వెయ్యాలి. ఒకరు గాలి నింపిన ట్యూబు విసరాలి. ఇంకొకరు చెయ్యి చాచి, కన్ను తిప్పకుండా, ఆ మనిషినే వేలితో చూపిస్తూ ఉండాలి. కెరటాల మధ్య తల ఒకసారి కనుమరుగైతే మళ్లీ దొరకడం కష్టం. చుక్కాని పట్టినవాడు పడవను కొంతదూరం పోనిచ్చి, వెనక్కి తిప్పి, గాలికి ఎదురుగా మనిషి దగ్గరికి వచ్చి తెరచాప తాడు వదిలెయ్యాలి. అప్పుడు పడవ అతని పక్కన ఆగుతుంది. మనిషికి బదులు కొబ్బరి పీచు కుక్కిన గోనెసంచి పడేసేవాళ్లం.

పిల్లలు బంగారాలే గానీ, వాళ్ల మర్యాదతోనే వచ్చింది చిక్కు. కేక వెయ్యండర్రా అంటే, "మేస్టారండీ, సంచి పడిపోయిందండీ" అని విన్నవించేవారు. నేను నవ్వేసేవాణ్ణి. నా హుకుం లేనిదే తాడు ముట్టుకోవద్దని చెప్పిందీ నేనే. ఆ వినయం నాకు ముచ్చటగా ఉండేది, దాచడమెందుకు.

నాలుగో రోజు పొద్దున్న, చలికాలమైనా లోపల ఉక్కపోస్తోందని లైఫ్‌జాకెట్ విప్పి పక్కన పెట్టాను. పాతకాపునని ధీమా. తోడు రావాల్సిన మరపడవ ఇంకా రేవులోనే ఉన్నా, దానికోసం ఆగకుండా బయల్దేరదీశాను. తెరచాప అడుగు వాసానికి తాడు చిక్కుకుంటే తియ్యడానికి లేచి నిలబడ్డాను. గాలి మళ్లింది, వాసం గిర్రున తిరిగి నడుం మీద కొట్టింది. నీళ్లలో పడ్డాను. నడుం పట్టేసి కాళ్లు ఆడలేదు. ఆటు సమయం, వశిష్ఠ గోదావరి నీరంతా సముద్రంవైపు లాగుతోంది. కిందన, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటాలు విరుగుతున్నాయి, అక్కడికి కొట్టుకుపోతే పడవ రావడం కుదరదు. నాకు ప్రాణభయం పట్టుకుంది.

తల ఎత్తి చూస్తే పడవ దూరమైపోతోంది. ట్యూబు ఎవరూ విసరలేదు. చుక్కాని పట్టిన రాంబాబు నావైపు తిరిగి, "ఇప్పుడేం చెయ్యమంటారండీ?" అని అడిగాడు! ఒళ్లు మండిపోయింది. జవాబు చెప్పబోతే నోట్లోకి నీళ్లు పోయాయి.

అప్పుడు లేచింది సుభద్ర. రాజోలు పిల్ల, మూడు రోజుల్లో ఒక్క మాట గట్టిగా మాట్లాడి ఎరగదు. చెయ్యి చాచి తిన్నగా నా ముఖానికేసి వేలు పెట్టి, "మేస్టారు నీళ్లలో!" అని అరిచింది. "ఆయన్నడుగుతావేంట్రా, తిప్పు! ట్యూబు విసరండ్రా!"

నేనింకా ఏదో చెప్పబోతుంటే, "మీరు మాట్లాడకండి మేస్టారూ! వెల్లకిలా తేలండి!" అంది. నోరు మూసుకుని తేలాను. ట్యూబు చేతికి దొరికింది.

మొదటిసారి రాంబాబు తాడు తొందరపడి వదిలేశాడు, పడవ నాలుగు బారల అవతలే ఆగిపోయింది. సుభద్ర వేలు దించలేదు. రెండోసారి పడవ పక్కకే వచ్చింది. చంకల కింద చేతులు వేసి, ఒకసారి నీళ్లలోకి అదిమి, ఆ తేలుడుతోనే పైకి లాగారు, నేను నేర్పినట్టే.

ఒడ్డుకు చేరాక ఆ పిల్ల ఏడుపు మొదలెట్టింది. "తప్పయిపోయిందండీ. పెద్దోరి మీద వేలు చూపించేనండీ, అరిచేనండీ."

"ఆ వేలే నన్ను బతికించిందమ్మా" అన్నాను.

రిపోర్టులో జాకెట్ సంగతి, మరపడవ సంగతి నా తప్పులుగానే రాశాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి శిక్షణలోనూ, జాకెట్ తొడుక్కుని, మరపడవను దగ్గరే ఉంచుకుని, చెప్పకుండా నేనే దూకేవాణ్ణి. పడవలోకి ఎక్కించేదాకా ఒక్క మాట మాట్లాడేవాణ్ణి కాదు. నేను చెబితే చెయ్యడం అంతర్వేదిలో ఆ పిల్లలకు మూడు రోజుల్లోనే వచ్చేసింది. నేను లేకపోతే ఏం చెయ్యాలో మాత్రం నేర్పలేదు. అసలు నేర్పాల్సింది అదే.