మోత అని వినిపించిన మాట

సముద్రం దాటివచ్చి చెరకు తోటలో ఐదేళ్ళ కూలికి ఒప్పుకున్న పోతయ్య గిర్మిట్ ఒప్పందం ఇంకా ఇరవై మూడు రోజుల్లో తీరుతుందనగా, ఎస్టేటు పెద్దదొర ఇంటికి సిడ్నీ నుంచి చుట్టపు దొర ఒకడు దిగాడు. అతనికి కొండలెక్కడం సరదా. నవువా నది పుట్టే కొండల మధ్య ఒక సరస్సు ఉందనీ, దాని ఒడ్డున కాయివీతీల, అంటే ఆ దీవుల మూలవాసుల, పల్లె ఒకటి ఉందనీ ఎవరో చెప్పారట. నాలుగు రోజుల్లో అక్కడికి నడిచి, ఈతకొట్టి, శిఖరం ఎక్కి రావాలని అతని కోరిక. దారి చూపడానికి ఇలైసా అనే కాయివీతి కుదిరాడు. సామాను మోయడానికి ఇద్దరు కూలీలు కావలసివచ్చారు.

సరదాకు కొండ ఎక్కడమేమిటో కూలీలుండే లైన్ల ఇళ్ళలో ఎవరికీ బోధపడలేదు.

"పనుండి ఎక్కితే కూలోడంటారు, పన్లేక ఎక్కితే దొరంటారు. అంతే తేడా అన్నా," అన్నాడు గంగయ్య. పోతయ్యతో పాటు ఎంపికైన రెండోవాడు ఇతనే. వయసులో చిన్నవాడు, గిర్మిట్ ఇంకా రెండేళ్ళుంది.

కూలీల మీద సర్దారు రామ్ లాల్ పోతయ్యను ఏరుకోవడానికి కారణం అతని మెడ. నాలుగేళ్ళ పదకొండు నెలలు చెరకు కట్టలు మోసిన ఆ మెడ ఎడమవైపుకు కాస్త ఒరిగింది గాని, దానిమీద పెట్టిన బరువు మాత్రం కదిలేది కాదు. రామ్ లాల్ సెలవు చీటీ అతని చేతిలో పెట్టి, అందులో రాసింది తానే చదివి వినిపించాడు.

"సోమ్మార్ సుబహ్, సోమవారం పొద్దున్నే, హాజిరీ. గంట కొట్టేసరికి లైన్లో నువ్వు కనబడాలి. లేకపోతే గైర్‌హాజిరీ రాస్తా. సమఝా?"

అర్థమైందనడానికి పోతయ్యకు తోటి కూలీ మునియ్య గుర్తున్నాడు. కిందటేడు మునియ్య ఒక దొర నోటిమాట నమ్ముకుని రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. కోర్టులో మేజిస్ట్రేటు అతన్ని తిట్టలేదు, కసరలేదు, కాగితం చూపమన్నాడు. కాగితం లేదు. మాట ఇచ్చిన దొర అప్పటికే ఓడెక్కి వెళ్ళిపోయాడు. మునియ్య గిర్మిట్ నెలరోజులు పెరిగింది. మేజిస్ట్రేటు చెడ్డవాడనడానికి ఆధారమేదీ లేదు. చట్టం కాగితం అడిగింది, అతడూ కాగితమే అడిగాడు.

పోతయ్యకు నెల పెరిగితే పోయేది నెల ఒక్కటే కాదు. అతని భార్య అమ్మణి గిర్మిట్ రెండు నెలల కిందటే తీరింది. ఆమె నది పక్కన వరికి పనికొచ్చే నేల చెక్క ఒకటి సంపాదించి, ఆ బుధవారమే నారు పోసింది.

"ఇరవై మూడు రోజులు. నారుకీ అదే ఈడు, నీకూ అదే ఈడు," అంది. "నీ గిర్మిట్ పెరిగితే నువ్వు ఆగుతావేమో గాని నారు ఆగదు. ముదిరిపోద్ది. దమ్ము నేనొక్కదాన్నే పట్టలేను."

"వస్తానే. కొండెక్కి దిగడమే కదా."

"ఆ మునియ్యా అదే అన్నాడు," అని ఆమె చుట్టకుదురుకు కొత్త గుడ్డ చుట్టి ఇచ్చింది.

గురువారం పొద్దున్నే బయలుదేరారు. పోతయ్య తలమీద రేకుపెట్టె, గంగయ్య తలమీద గుడారం గుడ్డ. మొదటి వాగు దాటేసరికే వాన పట్టుకుంది. తడిసిన గుడారం బరువు రెండింతలైందని గంగయ్య. రేకుపెట్టె ఎండలోనూ వానలోనూ ఒకే బరువని పోతయ్య. దొర ప్రతి మలుపులోనూ ఆగి, కర్రతో లోయ చూపించి, "అచ్ఛా హై?" అని అడిగేవాడు. "అచ్ఛా, సాబ్," అనేవాడు పోతయ్య. పెట్టె కింద ఉన్నవాడు తల ఎత్తలేడు. ఆ రెండు రోజుల్లో అతను చూసిందల్లా ఎర్రమట్టి, చెట్ల వేర్లు, దొర బూట్ల మడమలు. ఆ మనిషి పొగరుబోతు కాదు. తన రొట్టెలో సగం తుంచి కూలీలకు ఇచ్చాడు. అయితే బరువు మోసేవాడికి మలుపు దగ్గర ఆగడం నడవడం కంటే కష్టమని అతనికి ఎవరూ చెప్పలేదు.

"ఈరాత్రికి దొరకి బురే ఇస్తారంట," అని ఇలైసా ఎక్కడో తనకు పట్టుబడిన విరిగిన హిందుస్తానీలో అన్నాడు.

గంగయ్య గుడారం కింద నుంచే గొంతెత్తాడు. "అన్నా, బూరెలంట! బెల్లం బూరెలో, కొబ్బరి బూరెలో అడుగు!"

కాయివీతీలు గడ్డికప్పు ఇంటిని బురే అంటారని తెలిశాక, ఆ ఇంట్లో తినడానికేముంటుందో అడగమన్నాడు గంగయ్య.

శుక్రవారం మధ్యాహ్నం సరస్సు కనిపించింది. నల్లటి నీళ్ళు, చుట్టూ కొండలు, ఒడ్డున పదిహేను గడ్డి ఇళ్ళు. దొరను వెంటబెట్టుకుని, పానీయం చేసుకునే యంగోనా మొక్క వేళ్ళు సమర్పించి పల్లెలో ఉండడానికి అనుమతి అడగడానికి ఇలైసా పెద్ద ఇంట్లోకి వెళ్ళాడు. కూలీలిద్దరూ బయట చూరు కింద బరువులు దించుకుని నిలబడ్డారు. పోతయ్య కూర్చుంటే మళ్ళీ లేవలేనని కూర్చోలేదు.

తల నెరిసిన పెద్దమనిషి ఒకరు చాప తెచ్చి పరిచారు. పోతయ్య పెట్టెను తడినేల మీంచి తీసి చాప అంచున పెట్టాడు. పెద్దాయన అతని ముఖం కాసేపు చూసి, గడ్డంతో చాపవైపు చూపి, మెల్లగా ఒక మాట అన్నారు.

"మోదే."

ఆ మాటను వాళ్ళు దకారానికీ తకారానికీ మధ్య ఎక్కడో పలుకుతారు. పోతయ్యకు అది మోతే అని వినిపించింది. చాప మీద ఉన్నదీ మోతే, తాను మొయ్యాల్సిన పెట్టె.

దీన్ని తెలివితక్కువతనం అనడం న్యాయం కాదు. ఐదేళ్ళుగా పోతయ్యకు ఎవరైనా ఏదైనా చూపించి ఒక మాట అన్నారంటే, అది పని గురించే అయ్యుండేది. అతను కుదురు సర్దుకుని పెట్టె ఎత్తుకున్నాడు.

పెద్దాయన కంగారుపడ్డారు. "సెంగా, సెంగా! మోదే!" అని చేతులు ఊపారు. సెంగా అంటే కాదని పోతయ్యకు తెలుసు. ఇక్కడ కాదు, అవతలికి మొయ్యమంటున్నారని అర్థం చేసుకున్నాడు. సరస్సు అవతలి ఒడ్డున చదునైన చోటు కనబడింది. గుడారం అక్కడే కాబోలనుకుని నడక సాగించాడు. నీటి ఒడ్డున దుంపలు కడుగుతున్న ఆడవాళ్ళు, మనిషి వెళ్ళిపోతున్నాడనుకున్నారేమో, నవ్వుతూ "మోదే! మోదే!" అని చేతులూపారు. ఊరు ఊరంతా మొయ్యమంటోంది! పోతయ్య అడుగు వేగం చేశాడు. పాచిపట్టిన రాయి మీద కుడికాలు జారింది. పెట్టె పడనివ్వలేదు, మోకాలు మెలితిరిగింది.

పరుగున వచ్చిన ఇలైసా పెట్టె అందుకున్నాడు. "క్యా కర్తా, భాయీ? ముసలాయన సో జా అన్నాడు. మోదే అంటే సో జా. నిద్రపో!"

"మరి ఆ ఆడవాళ్ళు?"

"అదీ మోదే. వెళ్ళిరా అన్నా మోదే, నిద్రపో అన్నా మోదే."

పోతయ్య నీటి ఒడ్డున అలాగే కూలబడ్డాడు. అతన్ని చూరు కిందికి నడిపించుకొచ్చేసరికి గంగయ్య చాప మీద గుర్రుపెడుతున్నాడు. లేపితే, "ఆయనేటన్నాడో నాకు తెలీదన్నా. చాప కనపడింది, పడుకున్నా," అన్నాడు.

పోతయ్య భాషలో ఆ మాటకు బరువని అర్థమని అతన్నడిగి తెలుసుకుని ఇలైసా చెప్పినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు పడిపడి నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. వేడి ఆకులు తెప్పించి మోకాలికి కట్టించారు.

శనివారం పొద్దున దొర కొత్త సంగతి చెప్పాడు. ఈత బాగుంది, శిఖరం ఇంకా బాగుంటుంది, బయలుదేరేది మంగళవారం. పోతయ్య కుంటుకుంటూ వెళ్ళి చీటీ చూపించాడు. దొర చదివి, తేలిగ్గా నవ్వాడు.

"మీ పెద్దదొరకు నేను చెప్తానంటున్నాడు," అన్నాడు ఇలైసా.

"చెప్తారు. దొర మాట మీద నాకు అనుమానం లేదు," అన్నాడు పోతయ్య. దొర ముఖంలోకి అతను నేరుగా చూసింది అదే మొదటిసారి. "కానీ కోర్టులో నోటిమాట నిలబడదని చెప్పు. ఇరవై రోజుల్లో నా గిర్మిట్ తీరిపోద్ది. మా ఆడది నారు పోసింది. నెల పెరిగితే అది గడ్డి."

ఇలైసా చెప్పాడు. దొర నవ్వు ఆగింది. సోమవారం గంటలో అంత ఉందని అతనికి నిజంగానే తెలియదు. అయినా అతని చిక్కు అతనికుంది: ఇతను వెళ్ళిపోతే పెట్టె ఎవరు మోస్తారు?

అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని వింటున్న పెద్దాయన నోరు విప్పారు. ఇలైసా ఒక్కొక్క ముక్కగా తిప్పి చెప్పాడు. "నేను పడుకోమన్నాను. ఇతను బరువెత్తాడు. మాట నాది, మోకాలు అతనిది. అందుకని పెట్టె మా వాళ్ళు కొండ దించుతారు, దారీ వాళ్ళే చూపుతారు. రేపు ఆదివారం, మావాళ్ళు ప్రార్థన మాని తెప్ప కట్టరు. ఈ కాలితో నది మీద పోయేదుంటే ఇప్పుడే పోవాలి."

దొర పెన్సిలు తీశాడు. కాలు బెణికినందున పోతయ్యను తానే పంపాననీ, గంగయ్యను బుధవారం దాకా ఉంచుకున్నాననీ రాసి సంతకం పెట్టాడు.

"నాకింకా రెండేళ్ళుంది గదన్నా, నాకేం తొందర?" అన్నాడు గంగయ్య. "బూరెలు లేకపోయినా దుంపలున్నాయి."

ఇలైసా భుజం పట్టుకుని పోతయ్య కొండ దిగాడు. తలమీద ఏమీ లేదు. మెడ మాత్రం అలవాటుగా బిగుసుకునే ఉంది. కింద నది దగ్గర వెదురు తెప్ప సిద్ధంగా ఉంది. "మోదే," అన్నాడు ఇలైసా, తెప్ప నడుమ చాప పరుస్తూ. ఈసారి పోతయ్య సరిగ్గానే విన్నాడు. రెండు వైపులా కొండలు నిలువుగా లేచి ఉన్నాయి. వాటి మీంచి సన్నటి నీటిధారలు జారుతున్నాయి. దొర చూడవచ్చిన అందమంతా అక్కడ ఉంది. పోతయ్య ఒక్క మలుపు చూశాడు. రెండో మలుపుకు నిద్రపోయాడు. ఐదేళ్ళూ మోసిన మనిషిని నది మోసుకుపోయింది.

పొద్దుగుంకేవేళకు ఇలైసా చుట్టాల రేవులో దిగారు. ఆదివారం తెల్లవారి ఇలైసా ప్రార్థనకు వెళ్ళాడు. పోతయ్య కర్ర ఊతంగా మిగిలిన దారి నడిచాడు. సోమవారం గంట కొట్టినప్పుడు లైన్లో ఉన్నాడు.

కాగితం చాపితే రామ్ లాల్ గంగయ్య పేరున్న చోటే చదివాడు. "నీకెందుకు కాగజ్? నువ్వే ఉన్నావుగా!" అని, మోకాలు చూసి ఒక్క క్షణం ఆగి, "ఆసుపత్రికి పోతావా?" అన్నాడు. ఆసుపత్రి రోజులు ఏ లెక్కలోకి పోతాయో పోతయ్యకు తెలియదు. పోనని చెప్పి కత్తి తీసుకుని చెరకులోకి వెళ్ళాడు. ఆ రోజు పని ముగించేసరికి అందరికంటే వెనకబడ్డాడు. కాని ముగించాడు. మిగిలిన రోజులూ అలాగే ఈడ్చాడు.

గిర్మిట్ తీరిన రోజున విడుదల కాగితం మడిచి నడుముకు కట్టుకుని నది పక్కకు వెళ్ళేసరికి నారు జానెడు లేచి ఉంది, లేతగా. నారుమడిలో వంగి ఉన్న అమ్మణి నిలబడి అతని మోకాలు చూసింది.

"కాసేపు పడుకుంటావా?"

"దమ్ము పట్టాక."

నాలుగు రోజులకు నాటు అయింది. ఐదోనాడు ఇంట్లో చాప వేసి, "మోతే, ఇక మోతే," అంది కొండమీది సంగతి విన్న అమ్మణి, ఎగతాళిగా. ఆ తరవాత ఆ ఇంట్లో పడుకోమనడానికి అదే మాట నిలిచిపోయింది. పోతయ్య గోడవైపు తిరిగాడు. మెడ ఇంకా ఎడమకే ఒరిగి ఉంది.

"అవునూ, నువ్వు వచ్చేసేటప్పుడు ఆ ముసలాయన ఏమన్నాడు?"

"అదే మాట. వెళ్ళిరా అన్నా అదే, నిద్రపో అన్నా అదేనంట."

"మరి బరువంటే?"

"అది మనం కలుపుకున్నదే," అని పోతయ్య కళ్ళు మూసుకున్నాడు.