తొలి మూటకు సున్నా

ఆదోని మార్కెట్ యార్డులో మూటలు తూచేటప్పుడు ఎవరూ ఒకటి అనరు. శుభం కోసం మొదటి మూటకు ‘లాభం’ అంటారు, తర్వాత రెండు, మూడు. నేను పనిచేసిన మండీలో రైతుకిచ్చే తూకం చీటీ కూడా అట్లాగే ఉండాలి. ఆ ఏడు వేరుశనగ వచ్చే ముందు సావుకారు కంప్యూటర్ కొని, చీటీలు అచ్చువేసే పని నాకిచ్చాడు. రైతులు ఒప్పుకుంటేనే మిషన్‌నూ, నన్నూ ఉంచుకుంటానని ముందే చెప్పాడు. ఊళ్లో మా బోరు ఎండిపోయింది. ఇంటికి నా జీతమే ఆధారం.

నేను పెద్దగా ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. తెర ముందు కూర్చునే పని నాకు సుఖంగా ఉండేది. ఒక నమూనా రాసి పెడితే, టెంప్లేట్ ఇంజిన్ అనే ప్రోగ్రాం రైతు పేరు, మూటల బరువులు అందులో నింపి అచ్చుకు పంపేది. మూటల లూప్‌లో, అంటే ఒక్కో మూటకూ అదే పనిని మళ్లీ మళ్లీ చేయించే చోట, వరస సంఖ్య ఒకటైతే ‘లాభం’ అని, లేకుంటే ఆ సంఖ్యే వేయమని రాశాను. బాగానే నడిచింది.

తర్వాత సావుకారు, రోజు చీటీలన్నీ ఒక్కసారే రావాలన్నాడు. రైతులకొక లూప్ పెట్టి, మూటల లూప్‌ను దాని లోపలికి చేర్చాను. బయటి లూప్‌ను ఒకటి నుంచి లెక్కపెట్టే ఆ ఇంజిన్, లోపలి లూప్‌ను సున్నా నుంచి లెక్కపెడుతుందని దానితో వచ్చిన పుస్తకంలో ఎక్కడా లేదు.

మరుసటి పొద్దున చీటీలు చేతికందాక వాకిట్లో ఒక రైతు గొంతు లేచింది.

“ఏమప్పా సావుకారూ, నేను తెచ్చింది ఏడు మూటలు. ఈడ ఆరుతోనే ఆగిపోయిండాది. తొలి మూటకు సున్నా బెట్టినారు. వాన బెట్టిన సున్నా సాల్లేదా, మీరూ బెట్టల్లా?”

“బరువు సరిగ్గానే ఉండాది గదప్పా. కూడి సూసుకో.”

“కూడేదీ మీరే, సూసేదీ మీరే. ఇంక నాకేం పని?”

మిగతావాళ్లు తమ చీటీలు తీసి చూసుకున్నారు. అన్నింట్లోనూ మొదట సున్నా, దాని కింద లాభం. అప్పుడే వచ్చిన రెండు బండ్లు మా ముందు ఆగకుండా పక్క మండీకి పోయాయి.

నేను లోపలికి పోయి లోపలి సంఖ్యకు ఒకటి కలిపాను. అంతే పని. దిద్దిన చీటీ తెచ్చి ఇస్తే ఆ రైతు చెయ్యి చాపలేదు.

“పొద్దున ఒక లెక్క, ఇప్పుడొక లెక్కనా పాపా? మద్యాన్నం దాకా ఉంటే ఇంకోటి ఇస్తావేమో.”

“లోపలి లూప్...” అని మొదలుపెట్టాను. డైరీలో అయితే పేజీ నిండా రాసేదాన్ని. అంతమంది ముందు ఆ ఒక్క మాటతో ఆపి, చీటీ మడుచుకుని వెనక్కి వచ్చాను.

సావుకారు కసరలేదు. మిషన్ మీద గుడ్డ కప్పించాడు.

“చేత్తో చీటీలు రాసే పాత గుమాస్తాను పిలిపిస్తాండా. నీ తప్పని అనల్లేదు తల్లీ. వాళ్లు నమ్మల్ల గదా. ఇంటికి పో.”

నాయనకు జరిగిందంతా చెప్పాను. లూప్ అంటే ఏమిటో తెలియకపోయినా చివరిదాకా విన్నాడు. దిద్దిన చీటీ ఎందుకు తీసుకోలేదో అర్థం కాలేదన్నాను.

“తొలి మూటకు సున్నా సూసినాక యాడ తీసుకుంటాడమ్మా. నేనైనా తీసుకోను.”

తర్వాత, “రేపు పత్తి తీసేకి పోయేవాళ్లకు నీ పేరు గూడా చెప్పల్లా?” అని అడిగాడు.

చెప్పమన్నాను.