పాల క్యాను లేని పొద్దు

మా పక్కింటి పిన్నిని తలుచుకుంటే ముందు ఆవిడ నడకే గుర్తొస్తుంది. తెల్లారగానే పాల క్యాను పట్టుకుని, చిలకలూరిపేటలో మా వీధి నుంచి పత్తి మిల్లు అవతలి గేదెల పాక దాకా విసవిసా వెళ్లొచ్చేది. నిజానికి పాలు మా సందులోనే దొరికేవి.

మూడో కాన్పు తర్వాత ఆవిడకి నడుము పట్టేసింది. రోజూ బాగా నడవమని డాక్టరమ్మ చెప్పింది. కానీ ముగ్గురు పిల్లల తల్లి ఊరికే వీధిలో నడిస్తే మా వైపు ఊరుకుంటారా? ఎక్కడికని గడపగడపకీ అడుగుతారు. చేతిలో క్యాను ఉంటే ఎవరూ అడగరు.

"పిల్లలు లేచేదాకా ఈ కాసేపే నాది అమ్మాయ్," అనేది నాతో.

ఒకరోజు వాళ్లత్తగారు జాలిపడి, పాలు ఇంటికే తెచ్చి పోసేలా మాట్లాడేశారు. "ఇంక నీకా తిప్పలు లేవులేవే," అన్నారు. పిన్ని ముఖం వాడిపోయింది.

మర్నాడు పొద్దున నేను కళ్లాపి చల్లుతుంటే ఆవిడ గేటు దగ్గరికొచ్చి నిలబడింది. కాసేపాగి కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని వీధిలోకి దిగింది. ఎదురింటి తాతగారు నోట్లోంచి వేపపుల్ల తీశారు.

"ఏమ్మా, పాలు ఇంటికే వస్తున్నాయంటగా. ఎక్కడికి బయల్దేరావ్?"

"ఎక్కడికీ లేదు బాబాయిగారూ. నడవడానికే!" అంది, వీధంతా వినపడేలా.

అన్నాళ్లూ ఆవిడ నడుస్తుంటే ఒక్క చెయ్యే ఊగేది. ఆ పొద్దున రెండు చేతులూ ఊగాయి.