ఎర్ర ట్యాగు వేసిన మాండలిన్

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక ఆగస్టు నెలాఖరు శుక్రవారం, మాండలిన్‌లు రెండు నా బల్ల మీదికి తనిఖీకి వచ్చాయి. అప్పుడు నేను పటాన్‌చెరులోని ఒక పంపుల కంపెనీలో ఇన్‌వర్డ్ ఇన్‌స్పెక్షన్ మేనేజర్‌ని. బయటి నుంచి ఏ సరుకు వచ్చినా స్టోర్‌లోకి పోయే ముందు మా గదిలో ఆగాలి. బాగుంటే పచ్చ ట్యాగు, లేకుంటే ఎర్ర ట్యాగు. పోత ఇనుముతో మొదలుపెట్టి క్యాంటీన్ ఇడ్లీ పాత్రల దాకా నా సంతకం లేకుండా లోపలికి పోయింది లేదు.

మాండలిన్ కథ గ్రైండింగ్ సెక్షన్ సాల్మన్‌ది. ఇస్నాపూర్‌లో ఉంటాడు, ఆదివారం చర్చిలో మాండలిన్ వాయిస్తాడు. ఆ వాయిద్యం చర్చిది, బయటికి ఇవ్వరు. మా రిక్రియేషన్ క్లబ్‌లో క్యారమ్ బోర్డు, హార్మోనియం ఉన్నాయి. మాండలిన్ ఒకటి కొనిస్తే షిఫ్టు అయ్యాక నేర్పుతానని అతను నాలుగేళ్లు వరసగా అర్జీ పెట్టాడు. నేర్చుకుంటామని ఆరుగురు పేర్లు ఇచ్చారు, అందులో ఇద్దరు బిహార్ నుంచి వచ్చిన వెల్డర్లు. నాలుగో ఏడు పదిహేను వేలు దాటకుండా కొనమని మంజూరైంది. ఆ మంజూరు ఆ నెలతో ముగిసిపోతుంది. మిగిలింది మూడు రోజులు.

పదిహేను వేలంటే మాండలిన్‌లలో మధ్యరకం. అయిదు వేలకు దొరికేవి ఆటవస్తువుల కంటే కొంచెం నయం, కచేరీలు చేసేవాళ్లవి లక్ష పైమాటే. ఈ మధ్యరకంలోనే మంచివీ చెడ్డవీ ఒకే ధరకు కలిసిపోయి ఉంటాయి కాబట్టి చూసి కొనాలి. పర్చేజ్ వాళ్లు నగరంలోని రెండు షాపుల నుంచి చెరొకటి తెప్పించారు. నచ్చింది ఉంచుకుని రెండోది తిప్పి పంపాలి. సోమవారం కంపెనీ వ్యాను అటు పోతుంది.

నాకు సంగీతం రాదు. ఆ మాట పైకి చెప్పడానికి నాకేమీ నామోషీ అనిపించలేదు, ఎందుకంటే పంపు తయారుచేయడం కూడా నాకు రాదు, కొలవడం వచ్చు. మాండలిన్‌లను సర్ఫేస్ ప్లేటు మీద పెట్టాను. సర్ఫేస్ ప్లేటంటే ఎక్కడా వెంట్రుకవాసి ఎత్తుపల్లం లేని రాతి బల్ల. వేళ్లతో తీగలు నొక్కే పొడుగాటి మెడ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ అనే తిన్నటి ఉక్కు బద్ద ఆనించి, కింద సందులు కొలిచే ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూశాను. ఒకటో నంబరు మెడ అద్దంలా చదునుగా ఉంది. రెండో నంబరుకు మధ్యలో పల్చటి రేకు దూరేంత వంపు ఉంది. పై చెక్క చూశాను. ఒకటోది ప్లైవుడ్, కాబట్టి గట్టిది అని రాశాను. రెండోది ఒంటి చెక్క. ఆ తర్వాత మా గది అలవాటు ప్రకారం, ఏ బరువూ లేనప్పుడు వస్తువు ఎలా ఉంటుందో చూద్దామని రెండింటి తీగలూ పూర్తిగా వదులు చేశాను.

రెండో నంబరు బ్రిడ్జి ఊడి బల్ల మీద పడింది. బ్రిడ్జి అంటే తీగల కింద నిలబడి వాటిని ఎత్తి పట్టుకునే సన్నటి చెక్క ముక్క. కింద జిగురు ఆనవాలు కూడా లేదు. ఒకటో దానికి శుభ్రంగా అతికించి ఉంది, నేను వేలితో నెట్టినా కదల్లేదు. ఇంకేం కావాలి? 'మెడ వంపు. బ్రిడ్జి అతికించలేదు, తయారీ లోపం' అని రాసి రెండోదానికి ఎర్ర ట్యాగు కట్టాను. మొదటిదానికి తీగలు మళ్లీ బిగించి పచ్చ ట్యాగు కట్టాను. పాతికేళ్లలో నేను రాసిన రిజెక్షన్ స్లిప్పు ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఆ సంగతి కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లకు నేనే స్వయంగా చెప్పుకునేదాన్ని, అడక్కపోయినా.

మధ్యాహ్నం షిఫ్టు దిగి సాల్మన్ వచ్చాడు. కంపెనీ బస్సుకు ఇంకా అరగంట ఉంది. పచ్చ ట్యాగు మాండలిన్ చేతికిచ్చాను. శ్రుతి చేసుకుని రెండు నిమిషాలు వాయించి బల్ల మీద పెట్టేశాడు. మొహం వాడిపోయింది. అప్పుడు రెండోదాన్నీ, దాని పక్కన విడిగా పెట్టిన బ్రిడ్జినీ, ట్యాగు మీద నా రాతనూ చూశాడు.

"మేడం, ఒక మాట అంటే కోపం చెయ్యొద్దు. బ్రిడ్జి ఊడిపోలే. అసలు దాన్ని అతికియ్యరు. తీగల బిగువుకే అది నిలవడతది."

నాకు కోపం వచ్చింది. "ఏంది సాల్మన్, నా రిపోర్టు తప్పంటున్నవా?" అన్నాను. పక్క బల్లల దగ్గర ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు తల వంచుకుని ఏదో రాస్తున్నట్టు నటిస్తున్నారు.

అతను వాదించలేదు. "మీ స్కేలుతోనే కొలువుండ్రి మేడం," అన్నాడు. మెడ చివర తీగలు మొదలయ్యే చోటు నుంచి, మెడ మీద అడ్డంగా అమర్చిన సన్నటి లోహపు మెట్లలో పన్నెండో మెట్టు దాకా ఎంత, అక్కడి నుంచి బ్రిడ్జి దాకా ఎంత. పన్నెండో మెట్టు తీగకు సరిగ్గా నడుమ ఉండాలట. నొక్కినప్పుడు తీగ కొంచెం సాగుతుంది కాబట్టి బ్రిడ్జి వైపు ఒక పిసరు ఎక్కువుండాలి, తక్కువ మాత్రం ఉండకూడదు.

ఒకటో నంబరు కొలిచాను. పైభాగం 176 మిల్లీమీటర్లు. కిందిభాగం 172. నాలుగు మిల్లీమీటర్లు తక్కువ.

సాల్మన్ తీగను ఏమీ నొక్కకుండా ఒకసారి, పన్నెండో మెట్టు మీద నొక్కి ఒకసారి మీటాడు. రెండోసారి అదే స్వరం పై స్థాయిలో పలకాలి. సంగీతం రాని నాకు కూడా అది తప్పిపోయిందని తెలిసింది. "గమ్ పెట్టి అతికిచ్చిన్రు. ఇగ జరపనీకి రాదు. దీని మీద నేర్సుకున్నోళ్లకు చెవే కరాబైతది," అన్నాడు. మెడ వంపు సంగతీ చెప్పాడు. తీగ ఊగడానికి ఆ కొంచెం జాగ కావాలి, లేకుంటే మెట్లకు తగిలి గరగరమంటుంది. ప్లైవుడ్ మాట నేనే అడిగాను. "గట్టిదే మేడం, అందుకే పలకదు," అన్నాడు.

రెండోదానికి తీగలు జతలు జతలుగా కొంచెం కొంచెం బిగిస్తూ బ్రిడ్జిని జరిపాడు. నేను స్కేలు పట్టుకున్నాను. 176, 178 దగ్గర ఆపి, చెవితో ఇంకో వెంట్రుకవాసి సర్దాడు. తర్వాత వాయించాడు. పక్క బల్లల వాళ్లు రాయడం మానేశారు. నా ఒళ్లు సిగ్గుతో వేడెక్కింది, అయినా వింటుంటే బాగుంది. అన్నీ కొలిచి, అసలు కొలవాల్సింది వదిలేశానని నాకే నవ్వొచ్చింది.

బస్సు హారన్ కొట్టింది. సాల్మన్ వెళ్లలేదు. మా దగ్గర ఎర్ర ట్యాగు తీయాలంటే వేసినవాళ్లే తీయాలి, కారణం రాసి ప్లాంట్ హెడ్ చేత సంతకం పెట్టించాలి. ఆ రోజు తీయకపోతే సోమవారం అది షాపుకు పోతుంది, అతని నాలుగేళ్ల అర్జీ మళ్లీ మొదటికొస్తుంది. అతనికి ఇదంతా చెప్పాక, ఇంత తెలిసినవాడివి తనిఖీకి ముందే వచ్చి చెప్పొచ్చు కదా అని అడిగాను.

"మీ గదిలకు వచ్చి మీకు చెప్పేటోళ్లు ఎవరున్నరు మేడం? ఇయ్యాల గూడ నాలుగేండ్ల ఆశ ఉండబట్టి నోరు తెరిసిన."

రద్దు ఫారం తీసుకుని కారణం గడిలో 'తనిఖీ లోపం, వస్తువు లోపం కాదు' అని రాశాను. ప్లాంట్ హెడ్ రెండుసార్లు చదివి, 'తనిఖీ లోపం' అన్న మాట మార్చి రాస్తారా అని మర్యాదగానే అడిగారు. అక్కర్లేదన్నాను. సాయంత్రానికి ట్యాగులు తారుమారయ్యాయి. సాల్మన్ షేర్ ఆటోలో ఇంటికి పోయాడు, పాట హమ్ చేస్తూ పోయాడని సెక్యూరిటీ వాళ్లు చెప్పారు. సోమవారం నుంచి క్లబ్‌లో ఆరుగురు వంతులవారీగా ఆ మాండలిన్‌ను హింసించడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి వినగలిగేలా తయారైంది.

తర్వాతి వారం ఇన్‌స్పెక్టర్లలో ఒకతను, తాను తిప్పి పంపబోతున్న రబ్బరు సీళ్ల పెట్టె పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నూనెలో నానిన తర్వాతే వాటికి అసలు సైజు వస్తుందని అసెంబ్లీ మేస్త్రీ అంటున్నాడని, ఆ మాట తనకు ఏడాదిగా తెలుసని చెప్పాడు. ఏడాదిగా మేం మంచి సీళ్లను తిప్పి పంపుతున్నాం. అప్పటి నుంచి మా ఫారంలో ఒక గడి చేర్పించాను: ఏ వస్తువునైనా దాన్ని వాడే మనిషి చూడకుండా తిరస్కరించరాదు. వస్తువును పనిచేసే స్థితిలో కొలవాలని ఆ ఉదంతం నాకు నేర్పింది. పాతికేళ్లు నా స్లిప్పు ఒక్కటీ వెనక్కి రాకపోవడానికి కారణం నేను తప్పు చేయకపోవడం కాదని, తప్పని చెప్పడానికి ఎవరూ నా గదిలోకి రాకపోవడమని కూడా నేర్పింది.