ఒలకబోసిన చాయ్

మా వదిన ఆ చాయ్‌ను గడప పక్కన మోరీ కాలవలో ఒలకబోసింది. తెచ్చిన మనిషి ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

"ఏంది చెల్లె, గిట్ల చేసినవు?"

"ఇగ నీ చాయ్ మా ఇంట్ల వద్దు భాయ్," అంది వదిన.

ఆయన మౌలాలి రైల్వే క్వార్టర్లలో మా పక్కింటాయన, ముసల్మాను, ఒంటరి మనిషి. అన్నయ్యతో పాటు ఫిట్టరు. డ్యూటీ దిగాక కెటిల్, రెండు గ్లాసులు పట్టుకుని మా వరండాలోకి వచ్చేవాడు. నిజాం మీద పోలీసు చర్య జరిగి అప్పటికి నెల కూడా కాలేదు.

అన్నయ్యకు ఎండాకాలం నుంచీ ఒంట్లో బాగాలేదు. ముఖం పాలిపోయింది. నాలుక మీద గరుకంతా పోయి ఎర్రగా నున్నబడింది. అన్నం సయించదు. అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టుందనేవాడు. మెల్లగా విషం పెడితే ఇలాగే అవుతుందని వదిన అనుమానం. ఆ అనుమానం తెచ్చింది నేనే. సికింద్రాబాద్‌లో ఒక పత్రికకు ప్రూఫులు దిద్దేవాణ్ణి. ముసల్మానులు బావుల్లో విషం కలిపారని, పాలలో కలిపారని రోజూ ఏదో ఒక వార్త వచ్చేది. ఆధారం లేదని సంపాదకుడు కొట్టేసేవాడు. కొట్టేసినవన్నీ నేను ఇంట్లో అన్నం దగ్గర చెప్పేవాణ్ణి.

వరండాలో మంచం మీంచి అన్నయ్య నవ్వాడు. "విషం పెట్టేటోడు గింత చక్కెర ఎందుకేస్తడే? అదే కెటిల్ల చాయ్ ఆయన సుత తాగుతడు."

"గ్లాసు వేరే గదా," అంది వదిన.

పక్కింటాయన కెటిల్ పట్టుకుని వెళ్ళిపోయాడు. గ్లాసు అక్కడే ఉంది. నేను దాని అడుగు వేలితో తుడిచి వాసన చూశాను. యాలకులు. వేరే వాసన కప్పడానికే వేశాడేమో అనుకున్నాను.

ఆ వారమే అన్నయ్యను ఆసుపత్రికి తీసుకెళ్ళి, విషమేమో చూడమని డాక్టరును పక్కకు పిలిచి అడిగాను. ఆయన రక్తం చూశాడు. ముక్కులోంచి రబ్బరు గొట్టం దించి పొట్టలోని రసం తీయించాడు.

"విషం కాదు. పొట్ట లోపలి పొర అరిగిపోయింది, పుల్లటి రసమే ఊరడం లేదు. రక్తం పట్టకపోవడం కూడా దానివల్లే. ఇలాంటి కేసు మాకు అరుదు," అన్నాడు. ఎందుకొచ్చిందంటే తెలియదన్నాడు. రక్తం పట్టడానికి లివర్ సారం సూదులు రాశాడు.

కొన్ని సూదులు పడ్డాక అన్నయ్య తనంతట తానే అన్నం అడిగాడు. ఆ సాయంత్రం వదిన చాయ్ కాచి, ఆ గ్లాసు తోమి, నింపుకుని పక్కింటికి వెళ్ళింది. తలుపుకు తాళం ఉంది.

కరాచీ వెళ్ళాడని కొందరు, గుల్బర్గాలో అక్క దగ్గరున్నాడని కొందరు చెప్పారు. ఆ రోజుల్లో చాలామంది వెళ్ళిపోయారు. ఆయన కాలానికి భయపడి వెళ్ళాడో, మా గడప దగ్గర జరిగినదానికి వెళ్ళాడో ఇప్పటికీ మాకు తెలియదు.